విండోస్ తెర మీద లినక్స్ ప్రోగ్రాములు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి. కావలసిన ప్రోగ్రాం లినక్స్‌ది, చేతిలో ఉన్నది విండోస్ ల్యాప్‌టాపో మ్యాక్‌బుక్కో. అందుకని ప్రింటర్ల గొడవలు, వైఫై గొడవలు వచ్చే నెలకు వాయిదా వేశాను. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో చెబుతున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే టైపు చేయండి. పెద్దక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను.

ప్రశ్న: మేడమ్, నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టుకు మ్యాజిక్ అనే చిప్ లేఅవుట్ ప్రోగ్రాం వాడమన్నారు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. ఒక వీడియో చూసి డబ్ల్యుఎస్‌ఎల్, ఉబుంటు, వీసీఎక్స్‌సర్వ్ అన్నీ వేశాను. మ్యాజిక్ అని కొట్టగానే డిస్‌ప్లే తెరవలేకపోయానని ఎర్రర్ వస్తోంది. సీనియర్లు డ్యూయల్ బూట్ చేసుకోమంటున్నారు. డిస్కులో ఉన్నవన్నీ పోతాయేమోనని భయంగా ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: డ్యూయల్ బూట్, అంటే డిస్కులో విండోస్ పక్కన లినక్స్‌ను విడిగా పెట్టుకోవడం, అక్కర్లేదమ్మా. మీ ల్యాప్‌టాప్‌లో లోపమేమీ లేదు. మీరు చూసిన వీడియో పాతది, అంతే.

విండోస్ లోపలే లినక్స్ (మీ దగ్గర ఉబుంటు) నడిపే ఏర్పాటు డబ్ల్యుఎస్‌ఎల్. అది 2016లో వచ్చినప్పుడు అందులో టెర్మినల్ తప్ప మరేమీ ఉండేది కాదు. విండోలు తెరిచే ప్రోగ్రాం ఏది నడపాలన్నా విండోస్ వైపు ఎక్స్ సర్వర్ అనే, లినక్స్ విండోలను తెర మీద గీసే ప్రోగ్రాం ఒకటి వేసుకుని, నీ బొమ్మలన్నీ అటు పంపు అని లినక్స్‌కు చెప్పాల్సి వచ్చేది. మీరు వేసిన వీసీఎక్స్‌సర్వ్ ఆ కోవలోదే. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్‌లో లినక్స్ ఒక వర్చువల్ మెషీన్‌లోకి మారింది, దానికి వేరే ఐపీ చిరునామా వచ్చింది. ఇక అప్పటినుంచి విండోస్ వైపు చిరునామాను రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులోంచి ఏరి తెచ్చి డిస్‌ప్లే అనే వేరియబుల్‌లో పెట్టే పొడవాటి లైను ఒకటి వీడియోల్లో, వ్యాసాల్లో చేతులు మారుతూ వచ్చింది. ఆ రోజుల్లో అది పనికొచ్చిన లైనే.

2021లో మైక్రోసాఫ్ట్ స్వయంగా డబ్ల్యుఎస్‌ఎల్‌జీ అనే ఏర్పాటు తెచ్చింది. విండోస్ 11లో డబ్ల్యుఎస్‌ఎల్ వేసుకుంటే అదీ దానితోపాటే వస్తుంది. ఉబుంటు తెరవగానే డిస్‌ప్లే వేరియబుల్‌లో కోలన్ సున్నా అని అదే పెట్టుకుంటుంది. ఆ వెంటనే, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే బ్యాష్ ఆర్‌సీ ఫైలులో వీడియో చూసి మీరు చేర్చిన పాత లైను నడిచి, ఆ సరైన విలువను చెరిపి తప్పు చిరునామా రాస్తోంది. మీకు వచ్చిన ఎర్రర్ మొత్తం కథ ఇదే.

కాబట్టి ఇలా చేయండి. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే బ్యాష్ ఆర్‌సీ ఫైలును నానో అనే ఎడిటర్‌లో తెరవండి. ఎక్స్‌పోర్ట్ డిస్‌ప్లే అని మొదలయ్యే లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. దాని కిందో పైనో లిబ్‌జీఎల్ ఆల్వేస్ ఇండైరెక్ట్ అనే లైను కూడా ఉంటుంది, దానికీ అదే శిక్ష. వీసీఎక్స్‌సర్వ్‌ను తీసేయండి. తర్వాత పవర్‌షెల్‌లో డబ్ల్యుఎస్‌ఎల్‌కు ముందు అప్‌డేట్, ఆ తర్వాత షట్‌డౌన్ ఆప్షన్లు ఇవ్వండి. రెండింటికీ ముందు రెండేసి హైఫన్లు. ఉబుంటు మళ్లీ తెరిచి ఎకో డాలర్ డిస్‌ప్లే అని కొట్టండి, డిస్‌ప్లే పెద్దక్షరాల్లో. కోలన్ సున్నా కనిపిస్తే చాలు. నమ్మకం కుదరకపోతే ఎక్స్11 యాప్స్ ప్యాకేజీ వేసి ఎక్స్‌ఐస్ నడపండి. మౌస్ పాయింటర్ తమ విండో మీద తిరిగితే దానివైపు చూసే రెండు కళ్లు తెర మీద తెరుచుకుంటాయి. నేను ఎక్కడ లినక్స్ పెట్టినా మొదట నడిపేది దాన్నే.

లోపల జరిగేది కూడా తెలుసుకోండి, వైవాలో అడిగినా అడుగుతారు. మ్యాజిక్ 1980లలో బర్కిలీలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన విద్యార్థుల చేతిలో పుట్టింది. దానికి తెలిసింది ఎక్స్ అనే విండోల పద్ధతి ఒక్కటే. తెర, కీబోర్డు, మౌస్ ఎవరి అధీనంలో ఉంటాయో ఆ ప్రోగ్రాం ఎక్స్ సర్వర్. ఇక్కడొక విండో కావాలి, ఇక్కడొక గీత కావాలి అని దాన్ని అడిగేది మ్యాజిక్. మీ ఉబుంటు పక్కనే కంటికి కనబడని మరో చిన్న లినక్స్ నడుస్తూ ఉంటుంది. మ్యాజిక్ అడిగినవన్నీ దానిలోని ఎక్స్‌వేలాండ్ అందుకుని వెస్టన్ అనే ప్రోగ్రాంకు ఇస్తుంది. వెస్టన్ ఒక్కో విండోను రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో విండోస్‌కు అప్పగిస్తుంది. కింద టాస్క్‌బార్‌లో మ్యాజిక్ గుర్తు మూలన బుల్లి పెంగ్విన్ కనిపించిందంటే ఆ విండో ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిందన్నమాట.

ఒకవేళ విండో తెరుచుకున్నా లోపల నల్లగా ఉండిపోతే మ్యాజిక్ పక్కన హైఫన్ డి, ఖాళీ వదిలి పెద్దక్షరాల్లో ఎక్స్ ఆర్ అని ఇవ్వండి. గ్రాఫిక్స్ కార్డు జోలికి పోకుండా కైరో అనే బొమ్మలు గీసే లైబ్రరీతో గీస్తుంది. ప్రాజెక్టు ఫైళ్లను సి డ్రైవులో కాకుండా ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. రెండో వెర్షన్ డబ్ల్యుఎస్‌ఎల్‌లో సి డ్రైవు ఫైళ్లు తెరవడం బాగా నెమ్మది. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి విడుదల చేసిన 130 నానోమీటర్ల చిప్ తయారీ పద్ధతి స్కై130 ఫైళ్లు మీరు వాడుతున్నట్లయితే తేడా వెంటనే తెలుస్తుంది, అందులో చిన్నచిన్న ఫైళ్లు కుప్పలు తెప్పలు. డబ్ల్యుఎస్‌ఎల్ మామూలుగా కంప్యూటర్ మెమరీలో సగం వరకు తీసుకుంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే క్రోమ్ మూసి కూర్చోండి.

ఇంకొక్క మాట. మ్యాజిక్‌లో ఎడమ బటన్ నొక్కితే పెట్టె మొత్తం కదిలి దాని కింది ఎడమ మూల కర్సర్ దగ్గరికి వస్తుంది, కుడి బటన్ నొక్కితే పై కుడి మూల కదులుతుంది, మధ్య బటన్ నొక్కితే కర్సర్ కింద ఉన్న పొర ఆ పెట్టెలో పరుచుకుంటుంది. టచ్‌ప్యాడ్‌తో దీన్ని సాధించాలనుకోవడం దండగ. చక్రం ఉన్న మామూలు మౌస్ ఒకటి కొనుక్కోండి, ఆ చక్రాన్ని నొక్కితే అదే మధ్య బటన్.

ప్రశ్న: బొమ్మలు, డిజైన్ల పనికి జింప్, ఇంక్‌స్కేప్ బాగుంటాయని విన్నాను. వాటికోసం ఈ డబ్ల్యుఎస్‌ఎల్ అంతా నేర్చుకోవాలా?
– ఫ్లెక్సీల షాపు యజమాని, ఒంగోలు

జవాబు: వద్దు. రెండింటికీ విండోస్ వెర్షన్లు ఉన్నాయి, వాటి అధికారిక సైట్ల నుంచి దించుకోండి. లిబ్రెఆఫీస్, బ్లెండర్, కెడెన్‌లైవ్ కూడా అంతే. ఇంటి ముందు బావి పెట్టుకుని ఊరి చెరువుకు బిందె మోయనక్కర్లేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను పరిశోధక విద్యార్థిని. నా మ్యాక్‌బుక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ అనే ఎక్స్ సర్వర్ వేసి, మా విభాగం లినక్స్ సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ పెద్ద ఎక్స్‌తో కనెక్ట్ అవుతాను. గ్రాఫులు చక్కగా తెరుచుకుంటాయి. కాసేపు పనిచేశాక కొత్త గ్రాఫు తెరవబోతే డిస్‌ప్లేకు కనెక్ట్ కాలేనంటుంది. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయితే బాగుంటుంది. సర్వర్ చూసుకునే ఆయన తన వైపు తప్పేమీ లేదంటారు.
– హైదరాబాద్

జవాబు: ఆయన చెప్పింది నిజం. ఈసారి గడియారం చూసుకోండి, సరిగ్గా 20 నిమిషాలకు జరుగుతుంది.

దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ చేయించే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్. పెద్ద ఎక్స్ ఇస్తే అది ఆ సర్వర్‌లోని ప్రోగ్రాములను నమ్మని అతిథుల్లా చూస్తుంది. మీ ఇతర విండోల్లోకి తొంగిచూడకుండా కట్టడి చేసి, లోపలికి రానిచ్చే గడువు కూడా పెడుతుంది. ఆ గడువు 20 నిమిషాలు. అది దాటాక వచ్చే కొత్త కనెక్షన్లన్నింటినీ తిప్పి పంపేస్తుంది. సర్వర్ లాగ్‌లో దీని జాడ ఉండదు, ఎందుకంటే తలుపు మూసింది మీ మ్యాక్‌లోని ఎస్‌ఎస్‌హెచ్. మీ పక్క సీటులో ఉబుంటు వాడేవారికి ఈ బెడద ఎందుకు లేదంటారా? డెబియన్, ఉబుంటుల్లో పెద్ద ఎక్స్ ఇచ్చినా నమ్మకస్తులుగానే చూసేలా సెట్టింగు మార్చి ఇస్తారు.

మందు రెండు రకాలు. పెద్ద ఎక్స్ బదులు పెద్ద వై ఇస్తే కట్టడీ ఉండదు, గడువూ ఉండదు. సర్వర్‌లో సూపర్‌యూజర్ అధికారం ఉన్నవారి మీద మీకు నమ్మకం ఉంటేనే ఆ పని చేయండి. మ్యాక్‌లో ఒక ఊరట ఏమిటంటే, వాళ్లు చూడగలిగినా ఎక్స్‌క్వార్ట్జ్ విండోలను మాత్రమే చూడగలరు. మీ బ్యాంకు పేజీ తెరిచిన సఫారీ ఎక్స్ ప్రపంచంలో లేనే లేదు. అంత నమ్మకం లేకపోతే పెద్ద ఎక్స్‌తోనే ఉండి, మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ఫార్వర్డ్ ఎక్స్11 టైమౌట్ విలువను సున్నా చేయండి. కనెక్షన్ ఉన్నంతసేపూ కొత్త విండోలు తెరుచుకుంటాయి.

ఆపిల్ ఒకప్పుడు ఎక్స్11ను, అంటే ఎక్స్ ఇప్పటి వెర్షన్‌ను, మ్యాక్‌తోపాటే ఇచ్చేది. 2012లో మౌంటెన్ లయన్‌తో మానేసి ఎక్స్‌క్వార్ట్జ్ వైపు చూపించింది. దాన్ని వేసిన తర్వాత ఒకసారి లాగవుట్ అయి లాగిన్ కావాలి. లేకపోతే డిస్‌ప్లే వేరియబుల్ ఖాళీగానే ఉంటుంది. మీరు ఆ మెట్టు దాటేశారు కానీ, ఇది చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్‌లోని పాత ప్రోగ్రాంను విండోస్ 10లో ఎక్స్‌మింగ్ అనే ఎక్స్ సర్వర్ పెట్టి వాడుతున్నాం. నో యాక్సెస్ కంట్రోల్ అనే పెట్టెలో టిక్ పెట్టి, ఫైర్‌వాల్ అడిగినప్పుడు అన్నింటికీ ఒప్పుకోమని పాత ఉద్యోగి చెప్పి వెళ్లారు. అలాగే చేస్తున్నాం, పని జరుగుతోంది. ఏమైనా ప్రమాదమా?
– విజయవాడ

జవాబు: పని జరుగుతుంది, సందేహం లేదు. తాళం తీసేసిన ఇంట్లోకి చుట్టాలు సులువుగానే వస్తారు.

1990లలో మా కాలేజీ ల్యాబులో సన్ వర్క్‌స్టేషన్లు ఉండేవి. పిల్లలు వేరే యంత్రం నుంచి ప్రోగ్రాం నడపడానికి ఎక్స్‌హోస్ట్ ప్లస్ అని కొట్టి అలాగే వదిలేసేవారు. మీరు పెట్టిన టిక్కు అర్థమూ అదే, ఎవరైనా నా తెర మీద ఏమైనా చేసుకోవచ్చు అని. వెనక వరుసలో కూర్చున్న చిలిపివాడు వాళ్ల తెర మీద ఎక్స్‌రోచ్ నడిపేవాడు. ఏ విండో జరిపినా దాని కింద దాక్కున్న బొద్దింకలు బయటపడి మరో విండో కిందికి పరుగెత్తేవి. అమ్మాయిలూ అబ్బాయిలూ తేడా లేకుండా కేకలు. నవ్వులాట వరకు బాగానే ఉంది. కానీ బొద్దింకలను వదలగలిగినవాడు అదే దారిలో ఎదుటివారు కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలడు, వాళ్ల విండోల్లో ఏముందో బొమ్మ తీసుకోగలడు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కనిపించినా, కీబోర్డు నుంచి వెళ్లేవి అసలు అక్షరాలే కదా. మీ ఆఫీసు సర్వర్ పాస్‌వర్డు కొట్టే ఎక్స్ విండో ఏదైనా ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

ఎక్స్ సర్వర్ బయటివారి కోసం కాచుకునే పోర్టు 6000. దాన్ని ఫైర్‌వాల్‌లో మూసేయండి, ఆ టిక్కు తీసేయండి. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కోసం వాడే పుట్టీ అనే ప్రోగ్రాంలో ఎడమవైపు జాబితాలో ఎస్‌ఎస్‌హెచ్ కింద ఎక్స్11 అనే పేజీ ఉంటుంది. అక్కడ ఫార్వర్డింగ్‌ను అనుమతించే పెట్టెలో టిక్ పెట్టి, ఎక్స్‌మింగ్ నడుస్తుండగా లాగిన్ కండి. డిస్‌ప్లే వేరియబుల్‌ను మీరు చేత్తో రాయకండి, లోకల్‌హోస్ట్ కోలన్ 10 లాంటి విలువను సర్వరే ఇస్తుంది. బొమ్మలన్నీ గుప్తీకరించిన ఎస్‌ఎస్‌హెచ్ గొట్టంలోంచి వస్తాయి. మీ కంప్యూటర్ బయటివారెవరికీ తలుపు తీయనక్కర్లేదు. సర్వర్‌లో ఫార్వర్డింగ్ ఆపేసి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఎక్స్11 ఫార్వర్డింగ్‌కు యెస్ (అవును) అని పెట్టించాలి. ఇవన్నీ విడివిడిగా కూర్చుకునే ఓపిక లేకపోతే మోబాఎక్స్‌టర్మ్ ఒక్కటి వేసుకోండి, ఎస్‌ఎస్‌హెచ్, ఎక్స్ సర్వర్ రెండూ అందులోనే ఉంటాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ సంగతి మీ యజమాని చెవిన వేయండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. హైదరాబాద్‌లో మా ఇంట్లోని ఉబుంటు కంప్యూటర్‌లో నాన్నగారి అద్దెల లెక్కలు గ్నూక్యాష్‌లో ఉన్నాయి. ఇక్కడి విండోస్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా తెరిస్తే ఒక్కో మెనూ రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేను. రెండు వైపులా ఇంటర్నెట్ వేగం బ్రహ్మాండంగా ఉంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోవాలా?

జవాబు: తీసుకుంటే కంపెనీకి లాభం, మీకు కాదు. మీ అడ్డంకి గొట్టం వెడల్పు కాదు, పొడవు.

ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఇప్పుడున్న ఎక్స్11 1987 నాటిది. ఒకే ప్రాంగణంలో, ఒక భవనంలోని యంత్రం నుంచి మరో భవనంలోని తెరకు అన్న లెక్కలో తయారైంది. ఇందులో ప్రోగ్రాం, తెర మాటిమాటికీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఈ రంగు ఉందా, ఈ విండో ఎంతుంది, ఈ పేరుకు నంబరెంత అని అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం. డాలస్‌కూ హైదరాబాద్‌కూ మధ్య సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి సెకనులో ఏడో వంతు. కేబుళ్లు సముద్రాల అడుగున చుట్టు తిరిగి వస్తాయి గనుక నిజంగా పావు సెకను దగ్గరికి వస్తుంది. ఒక విండో తెరుచుకునే ముందు వరుసగా వంద ప్రశ్నలు నడిచాయనుకోండి, 25 సెకన్లు పోయినట్టే. ఏ ప్లానూ కాంతిని తొందరపెట్టలేదు.

కాబట్టి ఆ సంభాషణను హైదరాబాద్‌లోనే జరగనిచ్చి, తేలిన బొమ్మను మాత్రం తెప్పించుకోవాలి. దానికి ఎక్స్‌ప్రా అని ఒకటుంది, రెండు వైపులా వేయాలి. ప్రోగ్రాం అక్కడి ఉబుంటులోనే ఒక అదృశ్య తెర మీద నడుస్తుంది. ఆ విండో ఒక్కటే కుదించిన బొమ్మగా మీ విండోస్‌లో మామూలు విండోలా తెరుచుకుంటుంది. మధ్యలో నెట్ తెగిపోయినా లెక్క అక్కడే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే ఆపిన చోటి నుంచే సాగించవచ్చు. మామూలు ఎస్‌ఎస్‌హెచ్ ఫార్వర్డింగ్‌లో అలా కాదు, కనెక్షన్ పోతే గ్నూక్యాష్ కూడా పోతుంది, సేవ్ చేయని పద్దు పోతుంది. డెస్క్‌టాప్ మొత్తం కావాలంటే ఎక్స్2గో చూడండి. నా ఓటు మాత్రం ఎక్స్‌ప్రాకే.

గ్నూక్యాష్‌కు విండోస్ వెర్షన్ ఉంది కదా అని ఎవరో అంటారు. ఉంది. కానీ అక్కడ నాన్నగారు, ఇక్కడ మీరు రెండు కాపీల్లో పద్దులు రాయడం మొదలుపెడితే ఏడాది చివర ఏది అసలో తేల్చడానికి ఇద్దరూ ఫోనులో కూర్చోవాలి. ఫైలు ఒక్క చోటే ఉండనివ్వండి.

ప్రశ్న: మేడమ్ గారూ, లఘుచిత్రాలకు తెలుగు సబ్‌టైటిళ్లు చేస్తాను. లినక్స్‌లో గ్నోమ్ సబ్‌టైటిల్స్ అలవాటు. ఇప్పుడు విండోస్ 11కు మారి, డబ్ల్యుఎస్‌ఎల్‌లో అదే వేసుకున్నాను. తెరుచుకుంది గానీ తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది. పైగా విండోస్ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఆ విండోలో పనిచేయడం లేదు.
– హనుమకొండ

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. డబ్బాల సంగతి తేలిక. డబ్ల్యుఎస్‌ఎల్‌లోని ఉబుంటులో తెలుగు ఫాంట్లు ఉండవు, విండోస్‌లో ఉన్న నిర్మల దానికి కనబడదు. ఫాంట్స్ లోహిత్ తెలు అనే ప్యాకేజీ వేయండి, పదాల మధ్య హైఫన్లతో. ఇంకా కావాలంటే ఫాంట్స్ తెలుగువిజయం అనే ప్యాకేజీలో గురజాడ, పెద్దన, తిమ్మన, సురవరం, తెనాలి రామకృష్ణ ఇంకా ఎన్నో ఉన్నాయి. వేశాక ప్రోగ్రాంను మూసి తెరవండి.

టైపింగ్ అంత తేలిక కాదు. విండోస్ ఫొనెటిక్ కీబోర్డు అక్షరాలను కలిపి తెలుగు చేసే పని విండోస్‌లోనే జరుగుతుంది. లినక్స్ విండోకు చేరేది ఏ మీట నొక్కారన్న సంగతి మాత్రమే. అందుకే అమ్మ అని కొడితే అక్కడ ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. ఉబుంటు లోపలే ఎఫ్‌సీఐటీఎక్స్ 5 అనే టైపింగ్ సాధనం, దాని ఎం17ఎన్ అనుబంధం వేసుకోవాలి. అందులో తెలుగుకు ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ పద్ధతులున్నాయి. మీ వేళ్లకు ఏది అలవాటో అది ఎంచుకోండి. జీటీకే ఐఎం మాడ్యూల్, క్యూటీ ఐఎం మాడ్యూల్, ఎక్స్ మాడిఫయర్స్ అనే మూడు వేరియబుళ్లను ప్రొఫైల్ ఫైలులో పెట్టాలి. పెట్టాక ఎఫ్‌సీఐటీఎక్స్‌ను నేపథ్యంలో నడిపి, ఆ తర్వాతే గ్నోమ్ సబ్‌టైటిల్స్ తెరవాలి. ఈ వరుస తప్పితే పనిచేయదు. ఇదంతా విసుగనిపిస్తే విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి అతికించండి. రెండు వైపులా కాపీ, పేస్టు బాగానే నడుస్తాయి. అదీ కాదంటే నేరుగా విండోస్‌లోనే వేసుకోగలిగే సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఒక వారం వాడి చూసి, నచ్చకపోతే నన్ను తిట్టుకోండి.

గ్నోమ్ సబ్‌టైటిల్స్ జీటీకే అనే విండోల తయారీ సామగ్రితో చేసినది కాబట్టి ఫాంటు దొరికితే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుకుంటుంది. లినక్స్ ప్రోగ్రాములన్నీ అలా కాదు. టీకే అనే మరో సామగ్రితో చేసినవి, ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ లాంటి పాతకాపులు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తాయే తప్ప కలపవు. స్త్రీ అని రాస్తే స, త, ర విడివిడిగా, మధ్యలో రెండు పొల్లు గుర్తులు, చివర వేలాడే దీర్ఘం కనిపిస్తాయి. దానికి ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం లేదు. పైన కాకినాడ అమ్మాయి వాడే మ్యాజిక్ కూడా టీకే మీదే నిలబడింది. ఆమె తన లేఅవుట్‌లో పిన్నులకు తెలుగు పేర్లు పెట్టాలని సరదాపడకపోవడమే మంచిది.